రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారని ఎవరు అడగాలి?

 

ఈసారి రాస్తున్నది స్కాలర్‌షిప్ గురించి కాదు, డీఎస్సీ గురించి కాదు. మన ఇళ్ళల్లో పెద్ద మగవాళ్ళు ఒంటికి వెళ్ళే విషయం గురించి. నవ్వొస్తే ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత చదవండి. మా ఇంట్లో కూడా మొదట అందరూ నవ్వారు.

నాది అనకాపల్లిలో డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్‌లో ఉంటాను. మాది చీడికాడ వైపు కొండ మీద ఊరు. షెడ్యూల్డ్ ప్రాంతంలో కలపని ఊళ్ళలో అదొకటి. ఆ గొడవ మీ అందరికీ తెలిసిందే, ఇప్పుడు ఎత్తను. మా ఇంట్లో ఇంటర్ దాటింది నేనే మొదట. అందుకని ఆసుపత్రి కాగితాలు ఏవి వచ్చినా నా చేతికే వస్తాయి. మీలో చాలామందికి ఇదే పరిస్థితి అని నాకు తెలుసు. మీకోసమే రాస్తున్నాను.

మా పెదనాన్నకి 63 ఏళ్ళు. జీడితోట, కొంచెం పోడు. రెండేళ్ళుగా రాత్రిపూట నాలుగైదుసార్లు లేచి బయటికి వెళ్తున్నాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మా పెద్దమ్మకి మాత్రం తెలుసు. ఎలాగంటే, ఆయన తలుపు తీసిన ప్రతిసారీ కుక్క మొరుగుతుంది. "కుక్క ఎన్నిసార్లు మొరిగితే మీ పెదనాన్న అన్నిసార్లు లేచినట్టు" అంటుంది. అడిగితే ఆయన సమాధానం ఒకటే: "వయసొచ్చినోడికి అదేటి జబ్బా? జీలుగు కల్లు తాగితే ఎవుడికైనా అంతే." కల్లు దొరకని నెలల్లో కూడా కుక్క అన్నిసార్లూ మొరిగింది.

వెళ్ళినప్పుడు కూడా వెంటనే రాదు. నిలబడాలి. సన్నగా వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. అయిపోయిందనుకుని లోపలికి వచ్చాక ఇంకా ఉన్నట్టే ఉంటుంది. ఇవన్నీ ఆయన తర్వాత డాక్టరుకి చెప్తుంటే పక్కనుండి విన్నాను. మాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇక్కడ కొంచెం సైన్స్ చెప్పాలి. ప్రోస్టేట్ అనేది మగవాళ్ళకి మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయానికి కింద, మూత్రం బయటికి వచ్చే గొట్టం చుట్టూ ఉంటుంది. వయసులో ఉన్నవాళ్ళకి ఒక పెద్ద ఉసిరికాయంత. వీర్యంలో ఉండే ద్రవంలో కొంత ఇదే తయారు చేస్తుంది. యాభై దాటాక చాలామందికి ఇది పెరుగుతుంది. పెరిగితే మధ్యలోంచి పోయే గొట్టాన్ని నొక్కుతుంది. పొలానికి నీళ్ళు పెట్టే రబ్బరు పైపుని చేత్తో నొక్కి పట్టుకుంటే ఎలా అవుతుందో అలా. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. రాత్రి లేవడం, సన్నగా రావడం లాంటి ఇబ్బందులకి ఎక్కువమందిలో కారణం ఇదే. మాత్రలతో తగ్గించొచ్చు, లేకపోతే ఆపరేషన్ ఉంటుంది. 2024 జనవరిలో ఇంగ్లండు రాజు చార్లెస్ ఇదే సమస్యతో ఆసుపత్రికి వెళ్ళాడు, ఆ సంగతి దాచకుండా బయటికి చెప్పారు. రాజుకి లేని సిగ్గు మా పెదనాన్నకి ఎందుకో నాకు అర్థం కాలేదు. సరే, అది వేరే సంగతి.

సుగర్ ఉన్నా రాత్రి ఎక్కువసార్లు లేస్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా అంతే. కాబట్టి రాత్రి లేచే ప్రతి తాతకీ క్యాన్సర్ అని నేను చెప్పడం లేదు. దయచేసి ఇది చదివి ఇంటికి ఫోన్ చేసి ఎవరినీ భయపెట్టకండి.

అసలు చిక్కు ఎక్కడంటే, గ్రంథి పెరగడం ఎక్కువగా గొట్టం దగ్గర లోపలి భాగంలో మొదలవుతుంది. క్యాన్సర్ ఎక్కువగా వెనకవైపు, బయటి అంచులో మొదలవుతుంది. అక్కడ పుట్టిన చిన్న గడ్డ గొట్టాన్ని నొక్కదు. నొక్కదు కాబట్టి ఏ ఇబ్బందీ తెలీదు. మొదటి దశలో చాలామందికి ఒక్క లక్షణం కూడా ఉండదు. లక్షణాలు చూసి కనిపెడదాం అనుకుంటే ఈ జబ్బు మనకంటే ముందు నడుస్తుంటుంది. గ్రంథి పెరిగినవాడికి దాంతోపాటు క్యాన్సర్ కూడా ఉండొచ్చు, రెండూ వేరు వేరు. అందుకే ఒంటికి ఇబ్బంది అని వెళ్ళినప్పుడు రెండో దాన్ని కూడా చూసుకుని రావాలి.

మా పెదనాన్న విషయంలో అది చూడలేదు.

ఆయనకి నడుం నొప్పి కూడా ఉండేది. కొండ మీద ఎవరికి లేదు నడుం నొప్పి? జీడిపిక్కల బస్తా మోసేవాడికి, కట్టెలు మోసేవాడికి అది ఉండాల్సిందే అనుకుంటాం. నూనె రాసి కాపడం పెట్టారు. కింద ఊళ్ళో ఒకాయన దగ్గర నొప్పి సూదులు వేయించుకున్నాడు, నెలల తరబడి. సూది వేసిన రెండు రోజులు బాగుండేది. మోత నొప్పి అయితే పడుకుంటే తగ్గాలి. ఈ నొప్పి పడుకుంటే ఎక్కువయ్యేది, రాత్రి నిద్ర లేకుండా చేసేది. ఈ తేడా మీరు గుర్తుపెట్టుకోండి. ప్రోస్టేట్ క్యాన్సర్ బయటికి పాకితే ఎక్కువగా ఎముకల్లోకి వెళ్తుంది. వెన్నెముక, తుంటి ఎముకలు, పక్కటెముకలు. ఒంటికి ఇబ్బంది ఉన్న పెద్దాయనకి కొత్తగా వచ్చి తగ్గని నడుం నొప్పి ఉంటే ఆ రెండూ వేరు వేరు జబ్బులని మనం అనుకుంటాం. ఒకటే కావచ్చు.

ఒకరోజు జలుబు చేసిందని కొట్లో మాత్ర కొనుక్కుని వేసుకున్నాడు, సాయంత్రం కల్లు తాగాడు. ఆ రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. పొట్ట కింద రాయిలా గట్టిపడింది. ఎప్పుడూ అరవని మనిషి అరిచాడు. (జలుబు మాత్రల్లో కొన్ని మందులు, మద్యం, ప్రోస్టేట్ పెరిగినవాళ్ళకి ఇలా మూత్రాన్ని బిగబట్టిస్తాయి. ఇది నేను తర్వాత తెలుసుకున్నాను.) తెల్లవారుజామున డోలీ కట్టి రోడ్డు దాకా దించారు, అక్కడి నుంచి ఆటో. ఆసుపత్రిలో గొట్టం వేశారు, సంచి నిండిపోయింది. ఆయన ముఖంలో వచ్చిన సుఖం చూసి మా నాన్న ఏడ్చేశాడంట.

అక్కడ స్కానింగ్ తీసి, "పెద్దాయనకి ప్రోస్టేట్ పెరిగింది, ఈ మాత్రలు వాడండి" అని పంపేశారు. రక్తపరీక్ష రాయలేదు, వేలితో చూడలేదు. నడుం నొప్పి గురించి వాళ్ళు అడగలేదు, ఈయన చెప్పలేదు. మాత్రలతో ఒంటికి కొంచెం బాగానే వచ్చింది, దాంతో అందరం తగ్గిపోయిందనుకున్నాం. అలా ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల గురించి నాకు ఇప్పటికీ కోపం ఉంది. ఆ ఆసుపత్రి పేరు రాయను, పేరు రాస్తే మీరు అది ఒక్కచోటే జరిగిందనుకుంటారు.

నడవలేని స్థితి వచ్చాక విశాఖ తీసుకెళ్ళాం. అక్కడ చేసినవి నేను దగ్గరుండి చూశాను కాబట్టి చెప్తాను.

మొదట వేలితో పరీక్ష. డాక్టరు గ్లౌజు వేసుకుని మలద్వారం నుంచి వేలు పెట్టి చూస్తారు. ఇంతకుముందు చెప్పాను కదా, క్యాన్సర్ ఎక్కువగా వెనక అంచులో పుడుతుందని. ఆ వెనక అంచు పురీషనాళానికి ఆనుకునే ఉంటుంది, వేలికి గట్టిగా, గడ్డలా తగులుతుంది. ఒక్క నిమిషం పని. మా పెదనాన్న ఒప్పుకోలేదు. మంచం మీంచి లేచి చొక్కా వేసేసుకున్నాడు. "చచ్చిపోయినా పర్లేదు" అన్నాడు. వయసులో పెద్దాయనైన వార్డుబాయ్ ఒకాయన పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో మాకు తెలీదు, తిరిగి వచ్చి పడుకున్నాడు. ఆ వార్డుబాయ్‌కి నేను ఒక టీ కూడా ఇప్పించలేకపోయాను, మళ్ళీ కనబడలేదు.

తర్వాత పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష. ప్రోస్టేట్ తయారు చేసే ఒక ప్రొటీన్ రక్తంలో ఎంతుందో చూస్తారు. మామూలుగా 4 దాటితే ఆలోచించాలి అంటారు, వయసుని బట్టి ఆ అంకె కొంచెం మారుతుంది. అయితే 4 దాటితే క్యాన్సర్ అని కాదు. ఇన్ఫెక్షన్ ఉన్నా, గ్రంథి మామూలుగా పెరిగినా, ఈమధ్యే గొట్టం వేసినా పెరుగుతుంది. తక్కువగా ఉంటే క్యాన్సర్ లేదని కూడా కాదు. అందుకే ఆ ఒక్క కాగితం పట్టుకుని ఏడవకూడదు, పండగ చేసుకోకూడదు. ఎమ్మారై తీస్తారు. ఖాయంగా చెప్పేది బయాప్సీ మాత్రమే, సూదితో చిన్న ముక్కలు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. మా పెదనాన్న పీఎస్‌ఏ మూడంకెల్లో వచ్చింది. ఎముకల స్కాన్‌లో వెన్నెముక మీద, తుంటి మీద నల్లటి మచ్చలు.

బయాప్సీ రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ఇంట్లోవాళ్ళంతా నా ముఖం వైపు చూస్తున్నారు. "ఎడినోకార్సినోమా" అని ఉంటే అది క్యాన్సర్. "గ్లీసన్ స్కోర్" అని పక్కన అంకెలు ఉంటాయి, 6 అంటే నెమ్మదైనది, 8 నుంచి 10 అంటే ఉధృతమైనది. మాది 8. మీ చేతికి అలాంటి కాగితం వస్తే ఈ రెండు మాటలు వెతకండి, ఆ రోజే డాక్టరుని అడగండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి దూలానికి వేలాడదీయొద్దు. మన ఊళ్ళల్లో ఎన్ని రిపోర్టులు అలా వేలాడుతున్నాయో మీకూ తెలుసు.

వైద్యం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లో అసలు గొడవ అక్కడే అయింది. జబ్బు గ్రంథి దాటకుండా ఉన్నప్పుడు దొరికితే ఆపరేషన్ చేసి గ్రంథి తీసేస్తారు, లేదా రేడియేషన్ ఇస్తారు, చాలామందికి నయమవుతుంది. నెల్సన్ మండేలాకి 2001లో, 83 ఏళ్ళ వయసులో ఈ క్యాన్సర్ బయటపడితే రేడియేషన్ ఇచ్చారు. ఆ తర్వాత 12 ఏళ్ళు బతికాడు. ఎముకల్లోకి పాకాక పూర్తిగా తీసెయ్యడం కుదరదు, అణిచిపెట్టడం కుదురుతుంది. ఈ క్యాన్సర్‌కి మగ హార్మోనే తిండి. ఆ తిండి ఆపితే ఎండిపోతుంది. చార్లెస్ హగిన్స్ అనే డాక్టరు 1941లో ఈ సంగతి చూపించాడు, 1966లో నోబెల్ వచ్చింది. ఆపడానికి రెండు దారులు. నెలకో, మూడు నెలలకో సూది వేయించుకుంటూ ఉండటం. లేదంటే ఒకేసారి చిన్న ఆపరేషన్‌తో వృషణాలు తీసేయడం.

సూది అంటే ప్రతిసారీ కొండ దిగాలి, విశాఖ వెళ్ళాలి, ఒక మనిషి తోడు రావాలి, ఇద్దరి కూలి పోవాలి. వానాకాలం గెడ్డ పొంగితే సూది రోజు దాటిపోతుంది. ఆపరేషన్ అయితే ఒక్కసారితో అయిపోతుంది. లెక్క వేస్తే ఆపరేషనే మేలు. కానీ ఊళ్ళో ఏమంటారు? మా మావయ్యలు, అన్నలు అందరూ రాత్రంతా ఇదే మాట్లాడుకున్నారు, ఆయన తప్ప. పొద్దున్న పెదనాన్న, "నాకు ముగ్గురు పిల్లలున్నారు, ఇంకేటి కావాలి, తీసెయ్యమను" అన్నాడు. అంతే. నెల తిరగకుండా నొప్పి తగ్గింది, కర్ర పట్టుకుని తోట దాకా నడుస్తున్నాడు. చెమటలు పడుతున్నాయి, ఒళ్ళు వేడెక్కుతుంది, నీరసం ఉంటుంది, అవి ఆ వైద్యంతో వచ్చేవే. ఎన్నేళ్ళు అని డాక్టరు చెప్పలేదు, మేమూ గుచ్చి అడగలేదు.

ఇంక ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువ అన్నది. మొదటిది వయసు. 50 లోపు అరుదు, 65 దాటాక ఎక్కువ. రెండోది రక్తసంబంధం. తండ్రికో, అన్నదమ్ములకో వచ్చి ఉంటే అవకాశం సుమారు రెట్టింపు. ఇంట్లో ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే అది కూడా డాక్టరుకి చెప్పాలి, బీఆర్‌సీఏ2 అనే ఒకే జన్యువులో లోపం రెండువైపులా పని చేస్తుంది. ఆఫ్రికా మూలాలున్న మగవాళ్ళలో ఎక్కువ. ఒళ్ళు బాగా పెరిగినవాళ్ళలో ఉధృతమైన రకం ఎక్కువగా కనిపిస్తుంది. చుట్ట, బీడీ తాగేవాళ్ళకి ఈ జబ్బు వస్తే ప్రాణం పోయే అవకాశం ఎక్కువ. అంటువ్యాధి కాదు, పక్కన కూర్చుని తినొచ్చు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వల్ల వస్తుందని మా ఊళ్ళో ఒకాయన గట్టిగా చెప్పాడు. పెద్ద పెద్ద అధ్యయనాల్లో చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. అసలే మగాళ్ళు ఆ ఆపరేషన్‌కి ముందుకు రారు, దీన్నో సాకు చెయ్యొద్దు.

మన ఊరికి సర్వేకి వచ్చినవాళ్ళు ఏం చూస్తారో గమనించారా? 30 దాటినవాళ్ళకి బీపీ, సుగర్, తర్వాత మూడు క్యాన్సర్లు: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నవి అవి మూడే. నోరు చూడటం మనకి చాలా అవసరం, అడ్డపొగ తాగే నాయనమ్మలున్న ఉత్తరాంధ్ర ఇది. కానీ మగవాడి ప్రోస్టేట్ ఆ కాగితంలో లేదు. అందుకు కారణం ఉంది. లక్షణాల్లేని మగవాళ్ళందరికీ పీఎస్‌ఏ చేస్తే, జీవితంలో ఎప్పుడూ హాని చెయ్యని నెమ్మది క్యాన్సర్లు కూడా బయటపడి, వాళ్ళకి అనవసరంగా ఆపరేషన్లు జరిగి, మూత్రం కారడం, మగతనం పోవడం లాంటివి వస్తాయి. అమెరికాలో నిపుణుల కమిటీ 2012లో వద్దని చెప్పి, 2018లో 55 నుంచి 69 ఏళ్ళవాళ్ళు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి అని మార్చింది. వాళ్ళ మాజీ అధ్యక్షుడు బైడెన్‌కే 82 ఏళ్ళప్పుడు, 2025 మేలో, ఎముకలకి పాకాక బయటపడింది. 2014 తర్వాత పీఎస్‌ఏ చేసినట్టు లేదని ఆయన ప్రతినిధి చెప్పాడు. నా అభిప్రాయం ఏంటంటే, ఆ వాదన ఏ ఇబ్బందీ లేనివాళ్ళ గురించి. రాత్రి నాలుగుసార్లు లేచేవాడికి, నడుం నొప్పితో పడుకోలేనివాడికి చేసేది పరీక్ష, స్క్రీనింగ్ కాదు. ఈ రెండూ కలిపేసి మన ముసలోళ్ళని వెనక్కి పంపితే ఊరుకోకూడదు.

ఒక రోజు కూడా ఆగకూడనివి చెప్తాను. మూత్రం పూర్తిగా ఆగిపోవడం. మూత్రంలో రక్తం, నొప్పి లేకపోయినా సరే, ఒక్కసారే కనిపించినా సరే (అది మూత్రాశయం, కిడ్నీ క్యాన్సర్‌కి కూడా గుర్తు కావచ్చు). నడుం నొప్పి ఉన్నవాడికి కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గడం, మూత్రం, దొడ్డి అదుపు తప్పడం. ఇది వెన్నుపాము నొక్కుకుపోవడం, గంటలు గడిచేకొద్దీ కాళ్ళు శాశ్వతంగా పడిపోతాయి. 108కి ఫోన్ చెయ్యండి. వీర్యంలో రక్తం, కారణం లేకుండా చిక్కిపోవడం కూడా చూపించుకోవాల్సినవే. విశాఖ కేజీహెచ్‌లో యూరాలజీ విభాగం ఉంది. అనకాపల్లి నుంచి గాజువాక వెళ్ళే హైవే మీద అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇంతకుముందు ఆరోగ్యశ్రీ అనేవాళ్ళం కదా, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, అందులో క్యాన్సర్ వైద్యం ఉంది. రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్ళండి. బయల్దేరేముందే అన్నీ ఒక సంచిలో పెట్టుకోండి, మేము ఆధార్ కోసం ఒకసారి వెనక్కి వచ్చాం.

ఇప్పుడు అడిగే సంగతి. కొడుకు తండ్రిని "నాన్నా, ఒంటికి సరిగ్గా వస్తుందా" అని అడగలేడు. అడిగినా ఆయన చెప్పడు. మన దగ్గర మర్యాద అలాంటిది. దాన్ని తప్పు పట్టను. కానీ మన దగ్గరే ఇంకో దారి కూడా ఉంది. బావలు, మావలు. బావా బావమరుదులు ఏమైనా అనుకోవచ్చు, ఎంత బూతైనా నవ్వుకుని వదిలేస్తారు. నేను చెప్పలేని మాట మా మావయ్య మా నాన్నతో కల్లు దగ్గర చెప్పగలడు. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మెడికల్ క్యాంపు పెట్టే అన్నలు కూడా ఆలోచించండి. బీపీ బల్ల దగ్గర ఆడపిల్ల కూర్చుని అడిగితే ఎవడూ నోరు విప్పడు, ఊళ్ళో అందరికీ వరసకి బావయ్యే ఒకణ్ణి కూర్చోబెట్టండి.

మా నాన్నకి 51. సొంత అన్నకి వచ్చింది కాబట్టి ఆయన లెక్కలోకి వస్తాడు. ఇలాంటి కుటుంబాల్లో మగవాళ్ళు 45 నుంచే డాక్టరుతో మాట్లాడాలని అమెరికా క్యాన్సర్ సొసైటీ అంటుంది. మా మావయ్యకి ఫోన్లో అంతా చెప్పాను. ఆయన ముందు పగలబడి నవ్వాడు, తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నాకూ మూడుసార్లు అవుతుందిరా" అన్నాడు. ఆయనకి 58.

పోయిన ఆదివారం మళ్ళీ ఫోన్ చేశాడు. మా నాన్న రెండుసార్లు లేస్తున్నాడంట, నొప్పులేం లేవంట. రక్తపరీక్షకి ఇద్దరూ కలిసి వస్తారంట, కానీ జీడిపిక్కలు అమ్మేశాకే. ఈలోపు రేటు పడిపోతే ఇంకో నెల ఆగుతామన్నారు. ఆ ఒక్క మాట మీద ఇప్పుడు మావయ్యకీ నాకూ గొడవ నడుస్తోంది.